గుండె చెరువైన కథ

మా ఇంట్లో ఒక ఫైలు ఉంది. మేత కంపెనీవాళ్ళు రైతుల మీటింగులో ఉచితంగా పంచిన నీలం ఫైలు. అట్ట మీద మీసాలు దువ్వుతున్న రొయ్య బొమ్మ. అందులో ఐదు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, ఒక హోల్టర్, ఇక రక్త పరీక్షలైతే లెక్కపెట్టే పని లేదు, తూకం వెయ్యాల్సిందే. అన్నిటి చివరా ఒకటే మాట: నార్మల్. ఒకటో తరగతి నుంచి ఇంటర్ తప్పేదాకా నా ప్రోగ్రెస్ కార్డుల మీద ఇంత నికరమైన మెచ్చుకోలు ఒక్కటీ లేదు.

రిపోర్టులు నార్మల్. మనిషికి మాత్రం దడ.

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర, ఇందుకూరుపేట మండలంలో ఒక ఊరు. నాలుగు రొయ్యల గుంటలు, రెండు సొంతం, రెండు లీజు. ఇంటి నుంచి కేకేస్తే గుంటల కాడి కాపలా పెద్దాయనకు వినపడుతుంది. ఆయన వినపడనట్టు నటిస్తాడు, అది వేరే సంగతి. రాత్రి రెండుంపావుకు నాకు మెలకువ వస్తుంది. ఎడమ చెవి దిండుకు ఆనించి పడుకుంటే గుండె చప్పుడు దూది లోంచి వినిపిస్తుంది. లబ్ డబ్, లబ్ డబ్, లబ్... ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత ఒక్క గుద్దు, లోపల్నుంచి ఎవరో తలుపు తన్నినట్టు. దాంతో నేను లేచి కూర్చుంటాను. కూర్చోగానే దడదడదడ. ఛాతీలో ఎడమపక్క సూది పోటు. నోరు ఎండిపోతుంది. మంచినీళ్ళ చెంబు కోసం వెతికే చప్పుడుకు మా ఆవిడ కళ్ళు తెరవకుండానే అడుగుతుంది:

"వచ్చినాడా నీ చుట్టం?"

ఈ చుట్టం మొదటిసారి మా గడప తొక్కింది 2022 ఫిబ్రవరి 21న. ఆ సోమవారం పొద్దున మా జిల్లా మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు హైదరాబాదులో గుండె ఆగి పోయారు. యాభై ఏళ్ళ మనిషి. ఒంటి మీద శ్రద్ధ ఉన్నాయన. జిల్లాకు జిల్లా టీవీల ముందు కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాకపోతే ఏడుస్తూ ఏడుస్తూ కుడి చేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకుని ఉన్నాను. ఒకరు పోయి ఊరంతా ఏడుస్తుంటే తన నాడి తాను చూసుకునేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు. మా ఆవిడకు తెలుసు. అంది కూడా. అంతకు నాలుగు నెలల ముందు బెంగళూరులో పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్ళకే పోయినప్పుడు అక్కడి గుండె ఆసుపత్రుల ముందు జనం బారులు తీరారు కదా, నేనొక్కణ్ణే వెధవను కాదు అని వాదించాను. "వాళ్ళు ఒకసారి చూపించుకోని ఇండ్లకు పోయుంటారు" అంది.

నెల్లూరులో గుండె చూపించుకోవాలంటే పొగతోటకు పోవాలి. పొగ మానెయ్యమని చెప్పే డాక్టర్లంతా కూడబలుక్కుని పొగతోటలోనే బోర్డులు కట్టుకున్నారు. నేను పొగ తాగను. ఆ ముక్క చెప్పినప్పుడు డాక్టరుగారి మొహంలో కొంచెం నిరాశ కనిపించింది, సులువుగా చెప్పేయదగ్గ కారణం ఒకటి తగ్గిపోయిందని కాబోలు.

మొదటి ఈసీజీ నాకు బాగా గుర్తు. చొక్కా విప్పించి, చల్లటి జిగురు పూసి, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్డీలు జలగల్లా అంటించారు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు. రొయ్య సీడు లెక్కపెట్టడానికే అరగంట పడుతుంది, యాభై రెండేళ్ళు కొట్టుకున్న గుండెను మూడు నిమిషాల్లో ఏం చూశారని నాకు అనుమానం. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి ఆ రాత్రి నా అనుమానం తీర్చబోయి పెంచింది. ఈ మిషన్ కనిపెట్టినాయన విలెం ఐంతోవెన్ అట, నెదర్లాండ్స్‌లో లైడెన్ ఊరు. మొదటి మిషన్ సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు మనుషులు. పేషెంటు రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి. దానికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చేతులూ కాళ్ళూ ఉప్పునీళ్ళల్లో పెట్టుకుని గుండె దడదడలాడించుకునే పని మా తీరమంతా ఏళ్ళ తరబడి చేస్తోంది. మాకు బ్యాంకు నోటీసులు తప్ప ఏమీ రాలేదు.

ట్రెడ్‌మిల్ పరీక్షకు పంచెతో పోయాను. ప్యాంటు, బూట్లు ఉంటేనే ఎక్కిస్తామన్నారు. బామ్మర్ది ప్యాంటు తొడుక్కుని ఎక్కాను. అది నడుం దగ్గర బిగువు, కాళ్ళ దగ్గర వదులు, బామ్మర్ది లాగే. మూడేసి నిమిషాలకొకసారి మిషన్ వేగం పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. 220లోంచి వయసు తీసేస్తే నా లెక్క 168, అందులో కనీసం ఎనభై ఐదు పాళ్ళు అందుకోవాలన్నారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉండడం, నడిచేకొద్దీ గట్టు నిట్రమవడం, చివరికి ఒగరుస్తూ దిగితే "బాగుంది, ఏం పర్లేదు" అని ఒక కాయితం చేతిలో పెట్టడం. గత నాలుగు పంటలూ నేను చేసింది అదే కదా, దీనికి మళ్ళీ ఫీజెందుకని అడగబోయి ఊరుకున్నాను.

పోటు సంగతి ఇంకా అవమానం. సూది పోటు అని చెప్పగానే డాక్టరుగారు ఎదురు రొమ్ము ఎముక పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కారు. కెవ్వుమన్నాను. "గుండె నొప్పి ఇట్లా వేలికి దొరకదయ్యా. పక్కటెముక, రొమ్ము ఎముక కలిసే చోట మెత్తటెముక వాచింది. బరువులేమన్నా ఎత్తుతున్నావా?" అన్నారు. మేత బస్తాలు ఎత్తుతున్నాను. జనరేటర్ తాడు గుంజుతున్నాను. సరే, ఇది కండా ఎముకా గొడవ. మరి అర్ధరాత్రి మంట? "రాత్రి ఎన్నింటికి తింటావు, ఏం తింటావు?" పదిన్నరకు తింటాను. చేపల పులుసు తింటాను. అదీ నిన్నటిది. మామిడికాయ వేసి మట్టి సట్టిలో కాచి, ఒక రాత్రి నిలవుంచి తింటేనే అది నెల్లూరు పులుసు, కాచిన రోజే తినేసేదాన్ని మేము కూర అంటాం. అది తిని వెంటనే వెల్లకిలా పడుకుంటే కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది. అన్నవాహిక గుండె వెనకే ఉంటుంది కాబట్టి ఆ మంట గుండెదో దానిదో మనిషికి తెలీదు. "రాత్రిపూట పులుసు మానెయ్" అన్నారు. నెల్లూరివాడితో అనే మాటేనా అది? ఆయన గుంటూరు వైపు మనిషని తర్వాత తెలిసింది.

ఒక్కటి మాత్రం డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పారు. "నార్మల్ అన్నానని మొండికెయ్యొద్దు. ఎప్పుడైనా నొప్పితో పాటు చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, పులుసని సర్దుకోకుండా వెంటనే రా. అట్లాంటిది కాకుండా వారానికోసారి రావొద్దు." నేను మొదటి వాక్యాలు బట్టీ పట్టాను. చివరిది వినపడలేదు, మా కాపలా పెద్దాయనలాగా.

ఆయన కాస్త కబుర్ల మనిషి. 1871లో డకోస్టా అనే అమెరికా డాక్టరు, అక్కడి అంతర్యుద్ధంలో పోరాడిన సిపాయిల గురించి రాశాడట. కుర్రవాళ్ళు, గుండెలో లోపం దొరకదు, అయినా దడ, పోటు, ఆయాసం. దానికి సిపాయి గుండె అనే పేరు కూడా ఉండేదట. ఇంటికొచ్చి, నాది సిపాయి గుండె అని ప్రకటించాను. మా ఆవిడ పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. ఒక్కోదాన్ని తీసి, తలకాయ పట్టి మెలిపెట్టి, చటుక్కున పీకి పక్కన పడేస్తోంది.

"ఇదిగో," ఒక తలకాయ ఎత్తి చూపించింది. "దీనికి గుండెకాయ యాడుంటాది?"

చెప్పాల్సిన పని లేదు, రొయ్యల రైతునే కదా. మనం తలకాయ అని పీకేసే ఆ పై చిప్ప కిందే ఉంటుంది గుండె.

"నీకూ ఆడ్నే. సిపాయంట, సిపాయి. కరెంటోళ్ళు బిల్లుకొస్తే దొడ్డిదోవన పోతివి."

తెలుగు మాట్లాడేవాడికి గుండె జబ్బు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. భయమొస్తే గుండె జారుతుంది, సంతోషమొస్తే ఉప్పొంగుతుంది, కబురు తెలిస్తే గుభేలుమంటుంది, బిడ్డ పోతుంటే రాయి చేసుకోవాలి, అప్పులవాడు వస్తే అందులో రైళ్ళు పరిగెడతాయి. మద్రాసు బెజవాడ లైను మీద ఉన్న జిల్లా కాబట్టి ఆ రైళ్ళు మాకు కాస్త ఎక్కువే. కాలేయానికీ మూత్రపిండాలకీ మనవాళ్ళు ఒక్క చాకిరీ అప్పచెప్పలేదు, బరువంతా ఈ పిడికెడు కండ మీదే. ఇక దుఃఖమొస్తే గుండె చెరువవుతుంది. మిగతావాళ్ళకు అది నుడికారం. నాకు సర్వే నంబరు.

ఐదో ఈసీజీ నాడు డాక్టరుగారు విసుక్కోకుండా కాయితం తిప్పి బొమ్మ గీశారు. గుండె ఒక్కోసారి తొందరపడి ఒక కొట్టు ముందుగా కొట్టేస్తుంది. అది నీరసంగా ఉంటుంది, మనకు తెలీదు. దాని తర్వాత చిన్న ఆగుడు. ఆ ఆగుడులో గుండె గదిలోకి మామూలు కంటే ఎక్కువ రక్తం చేరుతుంది, అదంతా తొయ్యాలి కాబట్టి తర్వాతి కొట్టు గట్టిగా పడుతుంది. ఆగుడూ, ఆ గుద్దూ, నాకు తెలిసేవి ఆ రెండే. రోజుకు లక్ష సార్లు కొట్టుకునే యంత్రం ఆమాత్రం తడబడ్డం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ మామూలేనట. కాఫీ, నిద్రలేమి, దిగులు కలిస్తే ఇంకాస్త ఎక్కువ. "అందరికీ వస్తాయి, చాలామందికి తెలీవు. నీకెందుకు తెలుస్తున్నాయో అదే నాకర్థం కావడంలేదు" అన్నారు.

అది ఆయనకు అర్థం కాదు. మైపాడు రోడ్డులో బండి నడుపుకుంటూ వస్తుంటే నాకు అర్థమైంది.

గుంటల్లో ఏరేటర్లు ఉంటాయి. నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. పగలు ఎండకు నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఇవ్వకపోగా అదీ పీల్చుకుంటుంది. తెల్లారుజాముకు నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నాలుగు పీపీఎం కంటే దిగితే గుబులు, ఇంకా దిగితే రొయ్యలు పైకి తేలి గట్టు పట్టుకుంటాయి. అందుకని రాత్రంతా చక్రాలు తిరగాల్సిందే. ఆ దడదడ శబ్దంలోనే మేము నిద్రపోతాం. కొత్తగా మా ఇంటికొచ్చిన చుట్టాలు ఆ రొదకు నిద్ర పట్టక చస్తారు. మాకు రొద ఉంటేనే నిద్ర. కరెంటు పోయి చక్రాలు ఆగిన మరుక్షణం, మంచం మీంచి లేచి గట్టు మీద ఉంటాను. చప్పుడుకు మెలకువ రావడం లోకం తీరు, చప్పుడు ఆగితే మెలకువ రావడం రొయ్యల రైతు తీరు. పదిహేనేళ్ళుగా నా చెవి నేర్చుకున్న విద్య అదొక్కటే. అలాంటి చెవిని దిండుకు ఆనించి పడుకుంటే, లోపలి చక్రం అర క్షణం ఆగినా ఊరుకుంటుందా? గట్టు మీదకు పరిగెత్తమంటుంది. ఏ గట్టు మీదకని పరిగెత్తను?

ఈ సంగతి ముందే తట్టాల్సింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను జిల్లాను నానబెట్టి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ రెండు రాత్రులూ నేను మంచం ఎక్కలేదు. కరెంటు లేదు, గట్టు కోసుకుపోతోంది, ఇసక బస్తాలు మోస్తూ, డీజిల్ కోసం మోకాటి లోతు నీళ్ళలో తిరిగాను. ఒక్క దడ లేదు. ఒక్క పోటు లేదు. మూడో రోజు వాన వెలిసి, కరెంటొచ్చి, స్నానం చేసి, వేడిగా అన్నం తిని, "అమ్మయ్య" అని నడుం వాల్చాను చూడండి, వచ్చేశాడు చుట్టం.

అర్థమైంది కదా, ఇక దడ తగ్గాలి. తగ్గలేదు. పైగా నిరుడు బాగా ముదిరింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మన రొయ్యకు పెద్ద గిరాకీ అక్కడే. వాషింగ్టన్‌లో పెద్దమనిషి సంతకం పెడితే మైపాడులో కౌంటు ధర కూలింది. కొనేవాళ్ళు ఫోన్లెత్తడం మానేశారు. డాక్టరుగారు ఈసారి హోల్టర్ అన్నారు. ఛాతీకి తీగలు అంటించి, నడుముకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా కట్టి, ఇరవై నాలుగు గంటలు అట్లాగే తిరగమన్నారు. నార్మన్ హోల్టర్ మొదట చేసినది 38 కిలోల మూట, వీపున మోసుకు తిరగాలట. చేతిలో ఒక కాయితం కూడా పెట్టారు: ఏ టైముకు ఏం చేస్తున్నదీ, ఎప్పుడు దడ వచ్చిందీ రాసుకోవాలి. నేను శ్రద్ధగా రాశాను.

రాత్రి 2.10, దడ. 2.15, దడ తగ్గింది. 2.20, దడ ఎందుకు తగ్గిందోనని దడ.

రిపోర్టు మా అమ్మాయి చదివింది, రాత్రి భోజనాల దగ్గర, అందరూ ఉండగా. మొత్తం లక్షా ఆరు వేల చిల్లర కొట్లు, అందులో తొందరపడ్డవి రెండొందల పన్నెండు, ఏం ప్రమాదం లేదు. రాత్రి రెండు గంటలకు డెబ్బై రెండు, నార్మల్. ఇంతవరకూ బాగానే ఉంది.

"నాన్నా, సాయంత్రం ఆరూ ఇరవైకి నూట నలభై మూడు కొట్టుకుంది! ఆ టైముకు నువ్వేమో 'టీ తాగుతూ విశ్రాంతి' అని రాసుండావు. ఏం విశ్రాంతి నాన్నా అది?"

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మా ఆవిడ పులుసు గరిటె సట్టిలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, నింపాదిగా చెప్పింది: "ఆరూ ఇరవైకి నేనడిగినా. కార్తీకమాసంలో అల్లూరులో పెళ్ళుండాది, గాజులు తియ్యాల, బీరువా తాళంచెవులు ఇయ్యమని."

ఇక దాచి లాభం లేదు. జూన్‌లో సీడు వెయ్యడానికి డబ్బులు లేక, ఆవిడ ఆరు సవర్ల గాజులు తీసుకుపోయి బ్యాంకులో పెట్టాను. పెట్టె ఎత్తితే తేలిగ్గా ఉంటే అనుమానం వస్తుందని, వలకు కట్టే సీసం గుండ్లు దాన్నిండా పోసి, పైన ముఖమల్ గుడ్డ కప్పి పెట్టాను. ఈ తెలివికి అప్పట్లో నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆగస్టులో పట్టుబడి అవగానే విడిపిద్దామనుకున్నాను. ఆగస్టులో ఏమైందో చెప్పాను కదా.

"పద్నాలుగు," అంది మా ఆవిడ.

"ఏంది పద్నాలుగు?"

"సీసం గుండ్లు. జూన్‌లోనే లెక్కబెట్టినా. బ్యాంకులో నువ్విచ్చింది నా ఫోన్ నంబరే కదయ్యా, నీది రీఛార్జి లేక. వడ్డీ మెసేజీలు నెలనెలా నాకే వస్తా ఉండాయి."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూసినా. నాకు చెప్పేదానికన్నా నీకు గుండె పరీక్షలు చేయించుకునేది సులువైపోయె." కాసేపాగి, కంచాలు ఎత్తుతూ, ఏదో కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది: "నాకూ వస్తాది దడ. ఏడాది నుంచి. బిందె ఎత్తితే వస్తాది, మిద్దె మెట్లెక్కితే వస్తాది. ఇంటికి ఒకరు చాలని ఊరుకున్నా."

అమ్మాయి లేచి వచ్చి, ట్యూబులైటు కింద నిలబెట్టి, వాళ్ళమ్మ కింది కనురెప్ప వేలితో దించి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా, వెల్ల వేసిన గోడలా ఉంది.

మర్నాడు నెల్లూరులో రక్తం ఇచ్చాం. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు పన్నెండుకు తగ్గకూడదు. ఆవిడకు ఏడూ పాయింట్ తొమ్మిది. అది తెలుసుకోవడానికి అయిన ఖర్చు, నా ఫైలు మొత్తం మీద నేను కట్టిన పార్కింగు డబ్బుల కంటే ఎక్కువేం కాదు. డాక్టరుగారు నాకెప్పుడూ రాయని మందులు గబగబా రాశారు. ఇనుము మాత్రలు, అవి మింగాక గంట సేపు టీ కాఫీలు వద్దు, ఇంకో రెండు పరీక్షలు, రక్తం ఎక్కడ పోతోందో చూడ్డానికి ఒక స్కానింగు. రక్తంలో ఆక్సిజన్ మోసేది తక్కువైతే, ఉన్నదాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి గుండె పరుగెత్తక తప్పదని అమ్మాయి దోవలో వివరించింది. "నీళ్ళలో తగ్గితే నువ్వు ఇంకో ఏరేటర్ వేస్తావే, అట్టా" అంది. నాలుగు గుంటలకూ రోజూ పొద్దున, రాత్రి మీటరు ముంచి చూసే నేను బండి అద్దంలో వెనక సీటు వైపు చూడలేక రోడ్డునే చూస్తూ నడిపాను.

ఇప్పుడు ఆ నీలం ఫైలులో నా కాయితాలు వెనక్కి పోయాయి. పైన ఆవిడవి. నాలుగు నెలల్లో పదిన్నరకు వచ్చింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. అల్లూరు పెళ్ళికి రోల్డుగోల్డువి వేసుకుపోయి, అందరితో "బంగారం ధర ఇట్టా ఉంటే అసలైనవి ఎవురేసుకుంటారమ్మా" అని చెప్పి వచ్చింది. సీసం గుండ్లు వలకు తిరిగి కట్టమని నా చేతికిచ్చింది. లెక్కపెట్టి ఇచ్చింది.

మొన్న రాత్రి రెండుంపావుకు మెలకువ వచ్చింది. చెవి దిండుకు ఆనించి విన్నాను. లబ్ డబ్, లబ్ డబ్. బాగానే ఉంది. మరి ఎందుకు మెలకువ వచ్చినట్టు? ఊరంతా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో సముద్రం కూడా వినిపిస్తోంది. అప్పుడు తట్టింది. లేచేలోపే మా ఆవిడ టార్చి తీసుకుని తలుపు దగ్గర ఉంది.

"గుండెకాయ వింటా పడుకున్నావా? లెయ్యి, చక్రాలు ఆగిపోయినాయి!"

చెప్పుల్లేకుండా గట్టు మీద పరిగెత్తాం. ఆవిడ టార్చి పట్టింది. కాపలా పెద్దాయన యథాప్రకారం నిద్రలో ఉన్నాడు. తాడు గుంజాను, అందుకోలేదు. మళ్ళీ గుంజాను, ఎదురు రొమ్ము దగ్గర ఆ పాత పోటు కలుక్కుమంది. "జరుగు" అని ఆవిడ తాడు తీసుకోబోతే, వద్దని తోసి, మూడోసారి గుంజాను. జనరేటర్ ఒకసారి దగ్గింది, ఆగింది, పెద్దగా ఒక్క గుద్దు గుద్ది అందుకుంది.

దడదడదడదడ.